విశాఖ గాలికి నిలిచే చక్రాలు: టైం ట్రయల్‌కీ, రోజూ తొక్కడానికీ ఏరో వీల్స్ ఎంచుకోవడం ఎలా

"అన్నా, యాభై తీసుకోనా, అరవై తీసుకోనా?"

బీచ్ రోడ్డులో పొద్దున్నే సైకిల్ తొక్కే కుర్రాళ్లు ఏరో వీల్స్, అంటే గాలికి తక్కువ అడ్డుపడే లోతైన కార్బన్ చక్రాలు, కొనాలనుకోగానే అడిగే మొదటి ప్రశ్న ఇది. రిమ్ లోతు, అంటే టైరు వైపు నుంచి స్పోకుల వైపుకు రిమ్ ఎంత మేర దిగి ఉందో, అది ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలని వాళ్ల సందేహం. అలా అడగడం సహజమే. లోతు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుందన్నట్టే ప్రకటనలన్నీ ఉంటాయి మరి. కానీ ఆ ప్రకటనల్లోని అంకెలు విండ్ టన్నెల్‌లో, అంటే గాలి వదిలి పరీక్షించే గదిలో, స్టాండుకు బిగించిన సైకిల్ మీద తీసినవి. అక్కడ హ్యాండిల్ అటూ ఇటూ లాగదు, భుజాలు బిగుసుకోవు, ఎవరికీ టెన్షన్ ఉండదు. మనం తొక్కే రోడ్డుకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు.

అందుకే విశాఖలో వీల్స్ కొనేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. పక్కగాలి కొట్టినా నడుం పైకి లేపకుండా, ఏరోబార్ (మోచేతులు ఆనించి వంగి తొక్కే బార్) మీద నుంచి చేతులు తీయకుండా, ఎంత లోతున్న ముందు చక్రంతో తొక్కగలరు? ఆ లోతే మీ లోతు. వెనక చక్రం, టైరు, బ్రేకు, బడ్జెట్ అన్నీ దాని తర్వాతే చూసుకోవాలి. ఈ మార్గదర్శిని అదే వరసలో రాశాను.

మొదటి మెట్టు: చక్రాల నుంచి ఎంత ఆశించాలో లెక్క వేసుకోండి

చదునైన రోడ్డు మీద మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) పట్టుకుని వంగి తొక్కే మధ్యస్థమైన ఒంటి మనిషిని తీసుకుందాం. మనిషీ సైకిలూ కలిసి గాలికి అడ్డుపడే కొలత, అంటే సీడీఏ, 0.30 చదరపు మీటర్లు అనుకుందాం. సముద్రమట్టంలో, మన ఎండల్లో, గాలి లేని రోజు 30 కి.మీ. వేగానికి ఒక్క గాలి కోసమే సుమారు 100 వాట్లు కావాలి. 40 కి.మీ. వేగానికి అది 240 వాట్లవుతుంది. వేగం మూడో వంతు పెరిగితే ఖర్చు రెండింతలు దాటిపోయిందన్నమాట.

ఈ అడ్డంకిలో నాలుగింట మూడొంతులు, కొందరికి అంతకన్నా ఎక్కువే, మనిషి ఒంటిది. చక్రాల వాటా మొత్తంలో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. ఆ పదో వంతును కొంత తగ్గించుకోవడానికే లక్ష రూపాయలు దాటే కార్బన్ వీల్స్ కొంటున్నాం. ఉదాహరణకు, పాతకాలపు లోతు లేని రిమ్‌ల నుంచి మంచి లోతైన రిమ్‌లకు మారితే 40 కి.మీ. వేగం దగ్గర 8 వాట్లు మిగిలాయనుకోండి. 40 కి.మీ. టైం ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసులో) అర నిమిషం పైచిలుకు కలిసొస్తుంది. అదే మనిషి మోచేతులు దగ్గరికి తెచ్చుకుని, తల దించి, సీడీఏని 0.30 నుంచి 0.27కు తెచ్చుకుంటే అదే వేగం దగ్గర మిగిలేది 24 వాట్లు. చక్రాలిచ్చిన దానికి మూడింతలు! పైగా దీనికి రూపాయి ఖర్చు లేదు, ఓ నెల సాధన చాలు.

కాబట్టి ఏరోబార్ మీద ఇరవై నిమిషాలు ఏకబిగిన ఉండలేనివాళ్లు ముందు ఆ పని మీద కూర్చోండి. చక్రాలు ఎక్కడికీ పోవు.

చాలామందికి ఇంకో అపోహ ఉంది: "నేను 30 మీద తొక్కేవాణ్ని, నాకు ఏరో వీల్స్ ఎందుకు?" అని. వాట్లలో చూస్తే నిజంగానే 30 మీద మిగిలేది తక్కువ, పై ఉదాహరణలో మూడున్నర వాట్లకు మించదు. కానీ అతను అదే 40 కి.మీ. దూరాన్ని 80 నిమిషాలు తొక్కుతాడు. వేగంలో కలిసొచ్చే శాతం ఇద్దరికీ దాదాపు ఒకటే కాబట్టి, సెకన్లలో చూస్తే నెమ్మదిగా తొక్కేవాడికే కొంచెం ఎక్కువ మిగులుతుంది. గెలిచేవాళ్లకే ఈ వీల్స్ అనుకోవాల్సిన పని లేదు.

బరువు సంగతి ఇక్కడే ముగించేద్దాం. రిమ్ దగ్గర 300 గ్రాములు ఎక్కువుంటే, ఆగిన చోటు నుంచి 40 కి.మీ. వేగానికి చేరడానికి అదనంగా కావాల్సిన శక్తి సుమారు 37 జౌళ్లు. 250 వాట్లతో తొక్కేవాడికి అది సెకనులో ఏడో వంతు. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు కూడా 80 కిలోల మొత్తం బరువులో 300 గ్రాములంటే అర శాతం లోపే. భీమిలి రోడ్డు మీద తొక్కేవాళ్లు గ్రాముల కోసం రిమ్ ఆకారాన్ని వదులుకోవడం నష్టమే.

రెండో మెట్టు: మీ రోడ్డు మీద గాలి ఎప్పుడు, ఎటు నుంచి వీస్తుందో రాసుకోండి

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఆర్కే బీచ్ నుంచి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే రోడ్డు దాదాపు ఆ గీత వెంబడే పోతుంది. వెళ్లేటప్పుడు కుడి చేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు.

ఈ అమరిక వల్ల ఒకే రోడ్డు మీద గాలి రోజులోనే మూడు రకాలుగా మారుతుంది. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రంలోకి మెల్లగా గాలి పోతుంది. అది ఎడమ పక్కనుంచి తగులుతుంది, బలం తక్కువ. ఎండ ఎక్కాక సముద్రపు గాలి మొదలై కుడి పక్కకు మారుతుంది. వేసవిలో, వానాకాలంలో మధ్యాహ్నం దాటితే నైరుతి గాలి పుంజుకుని భీమిలి వైపు వెళ్లేవాళ్లను వెనక నుంచి తోస్తుంది. వెళ్లేటప్పుడు అందరూ మొనగాళ్లే, తిరుగు ప్రయాణంలోనే అసలు బలం తెలుస్తుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈశాన్యపు గాలి ఉన్న రోజుల్లో ఇదంతా తలకిందులవుతుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడు.

ఫోన్‌లో చూసే గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తుకు లెక్కగట్టినది. మన ఛాతీ ఎత్తులో, బయలు ప్రదేశంలో, అందులో సగం నుంచి మూడింట రెండొంతులు ఉంటుంది. సగటు వేగం కన్నా, కింద చిన్న అక్షరాల్లో ఇచ్చే విసురు గాలి అంకెను చూడండి. నిలకడగా గంటకు 20 కి.మీ. మీద వీచే గాలికి ఒళ్లు అలవాటు పడుతుంది. 12 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 28కి లేచిందంటే ముందు చక్రం లాగేస్తుంది.

విసురు ఎక్కడ తగులుతుందో తొక్కేవాళ్లకు తెలుసు. తొట్లకొండ, బావికొండల వైపు కొండ అడ్డంగా ఉన్నంతసేపూ గాలి తెలియదు. కొండ తెగి సందు వచ్చిన చోట ఒక్కసారిగా తోస్తుంది. మంగమారిపేట దగ్గర రోడ్డు సముద్రానికి మరీ దగ్గరగా వచ్చే చోట్లు, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఖాళీగా ఉన్న చోట్లు కూడా అంతే. ఆనందపురం వైపు హైవే మీద తొక్కేవాళ్లకు ఇంకో తంటా ఉంది. లారీ దాటుతున్నప్పుడు ముందు బయటికి తోస్తుంది, మరుక్షణం తన వైపు లాక్కుంటుంది. మీరు తరచుగా తొక్కే రోడ్డు మీద ఇలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో, ఏ వేళకు అక్కడ ఉంటారో ఒక కాగితం మీద రాసుకోండి. వీల్ కొనడానికి కంపెనీ చార్టుల కన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

మూడో మెట్టు: ముందు చక్రం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

సైకిల్ కదులుతున్నప్పుడు గాలి ఎప్పుడూ సూటిగా ఎదురు నుంచి రాదు. మన వేగం వల్ల పుట్టే ఎదురుగాలి, నిజంగా వీస్తున్న పక్కగాలి కలిసి ఏటవాలుగా తగులుతాయి. 35 మీద వెళ్తుంటే సరిగ్గా పక్కనుంచి 10 కి.మీ. గాలి వీస్తోందనుకోండి. అది ముందు నుంచి 16 డిగ్రీల వాలులో తగులుతుంది. 45 మీద వెళ్లేవాడికి అదే గాలి 12, 13 డిగ్రీలే. వేగంగా తొక్కేవాడికి వాలు తగ్గుతుంది, నెమ్మదిగా తొక్కేవాడికి పెరుగుతుంది. యూరప్ ప్రొఫెషనల్స్ వాడే లోతును చూసి మనం కొనకూడదనడానికి ఇదో కారణం.

కొంత వాలు వరకు లోతైన రిమ్‌కు లాభమే. గాలి రిమ్ గోడను అంటిపెట్టుకుని జారుతూ, తెరచాపలా కాస్త ముందుకు తోస్తుంది కూడా. వాలు ఒక హద్దు దాటితే గాలి గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది. అప్పుడు అడ్డంకి పెరుగుతుంది. దానికన్నా ఇబ్బంది ఏమిటంటే, విసురు గాలిలో అలా వదలడం, మళ్లీ అంటుకోవడం వెంటవెంటనే జరుగుతుంటాయి. పక్క నుంచి పడే బలం ఉన్నట్టుండి మారిపోతుంది. హ్యాండిల్ కుదిపినట్టు అనిపించేది దానివల్లే.

రిమ్ ఆకారం తేడా చూపేది ఇక్కడే. చక్రాన్ని పక్కనుంచి చూడండి. ఇరుసుకు ముందున్న సగంలో గాలికి మొదట టైరు ఎదురవుతుంది, తర్వాత రిమ్. ఇరుసుకు వెనకున్న సగంలో వరస తిరగబడుతుంది. స్పోకులు దిగే రిమ్ లోపలి అంచే గాలికి మొదట ఎదురవుతుంది, తర్వాత టైరు. పాత రిమ్‌లకు ఆ లోపలి అంచు కత్తిలా సన్నగా ఉండేది. వాలుగా వచ్చిన గాలి ఆ అంచు మీద వెంటనే తెగిపోయేది. ఇప్పటి మంచి రిమ్‌లకు ఆ అంచు బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. అందుకే పాత 50 మి.మీ. కత్తి అంచు రిమ్ కన్నా ఇప్పటి 60 మి.మీ. బొద్దు రిమ్ చేతిలో కుదురుగా ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోందని పాత లోతైన వీల్స్ చూసేవాళ్లు ముందు ఆ అంచు మీద వేలు రాసి చూడండి.

ఇక లెక్క. టైం ట్రయల్ పొజిషన్‌లో సీడీఏ 0.25 అనుకుందాం. భయమేసి లేచి హుడ్స్ (బ్రేకు లివర్ల పైభాగం) పట్టుకుంటే 0.35 అవుతుంది. 40 కి.మీ. వేగం దగ్గర ఆ తేడా 80 వాట్లు. 40 మి.మీ. రిమ్ నుంచి 60కి వెళ్తే మిగిలేది మహా అయితే నాలుగు వాట్లు అనుకుంటే, గంట పోటీలో మూడు నిమిషాలు లేచి కూర్చున్నారంటే ఆ మిగులంతా హరీ. నాలుగో నిమిషం నుంచి నష్టమే. రెండు మూడు కొండ సందుల దగ్గర, ఒకటి రెండు బస్సులు దాటినప్పుడు లేచి కూర్చుంటే చాలు, ఆ మూడు నిమిషాలు అయిపోతాయి.

దీన్నిబట్టి నా సలహా ఇది. ఏడాది పొడవునా, ఏ వేళైనా తొక్కడానికి ఒకే జత కొనేవాళ్లకు ముందు 40 నుంచి 45 మి.మీ. సరిపోతుంది. గ్రూప్ రైడ్లలో పక్కవాడికి జానెడు దూరంలో తొక్కుతాం కదా, అక్కడ కూడా ఇదే క్షేమం. టైం ట్రయల్ కోసం ప్రత్యేకంగా కొంటూ, పోటీ తెల్లవారుజామున జరుగుతుందనుకుంటే 50 నుంచి 60 దాకా వెళ్లొచ్చు. 80 మి.మీ. ముందు చక్రాన్ని మన బీచ్ రోడ్డుకు నేనెవరికీ చెప్పను. ఒంటి బరువు 60 కిలోల లోపు ఉంటే ఇందులో ఒక మెట్టు తగ్గించుకోండి. చక్రం మీద పడే గాలి అంతే ఉంటుంది, దాన్ని ఆపే బరువు తక్కువ. ఈ విషయం అమ్మాయిలకూ, సన్నగా ఉండే కుర్రాళ్లకూ దుకాణంలో ఎవరూ చెప్పరు.

కొనే ముందు వీలైతే ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, గాలి ఉన్న మధ్యాహ్నం పూట సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా ఒకసారి తొక్కండి. స్పీడు చూడొద్దు. చేతులు ఎన్నిసార్లు కదిలాయో, ఎక్కడెక్కడ కదిలాయో గుర్తు పెట్టుకోండి. భుజాలు బిగుసుకున్నాయంటే అది కూడా లెక్కే.

నాలుగో మెట్టు: వెనక చక్రం విషయంలో ధైర్యం చేయొచ్చు

వెనక చక్రానికి హ్యాండిల్‌తో సంబంధం లేదు. దాని మీద పడే పక్కగాలి మనిషి బరువు ఉన్న చోట తోస్తుంది కాబట్టి సైకిల్ దారి తప్పదు. పైగా వెనక ఎక్కువ లోతు ఉంటే గాలి ఒత్తిడి కేంద్రం వెనక్కి జరిగి, సైకిల్ నిలకడగా ఉంటుంది. అందుకే వెనక రిమ్ ముందుదానికన్నా ఒకటి రెండు మెట్లు లోతుగా పెట్టుకోవడం మామూలు. రోడ్డుకు ముందు 40, వెనక 50. టైం ట్రయల్‌కు ముందు 50, వెనక 80 లేదా పూర్తి డిస్క్ వీల్. ఇక్కడ డిస్క్ వీల్ అంటే స్పోకులు కనబడకుండా పూర్తిగా మూసేసిన చక్రం. డిస్క్ బ్రేకుతో కలిపి గందరగోళ పడొద్దు.

1984లో మెక్సికో సిటీలో ఇటలీ సైక్లిస్టు ఫ్రాన్సెస్కో మోజర్ డిస్క్ చక్రాలతో గంటలో 51.151 కి.మీ. తొక్కాక ఈ చక్రాలు ప్రపంచమంతటికీ తెలిశాయి. కానీ అది ట్రాక్. రోడ్డు మీద ఉదాహరణ కావాలంటే 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు చూడండి. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కి.మీ. టైం ట్రయల్‌లో అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ డిస్క్‌ను వెనక మాత్రమే పెట్టుకున్నాడు. అతని ప్రత్యర్థి, ఫ్రాన్స్ రేసర్ లారెంట్ ఫిన్యో ముందూ వెనకా రెండూ డిస్కులే పెట్టుకున్నాడు. మొత్తం టూర్‌ను లెమాండ్ 8 సెకన్లతో గెలిచాడు. ఆ గెలుపులో పెద్ద వాటా అతని ఏరోబార్లది, హెల్మెట్‌ది. అయినా ముందు స్పోకులు, వెనక డిస్క్ అన్న అమరికే ఈ రోజుకీ రోడ్డు టైం ట్రయల్స్‌లో నిలిచింది. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ప్రపంచ పోటీలో అక్కడి పక్కగాలుల వల్ల ఏళ్ల తరబడి వెనక డిస్క్‌ను కూడా అనుమతించలేదు. సముద్రపు గాలి తీవ్రత అలాంటిది.

డిస్క్ వీల్ కొనే స్తోమత లేకపోతే, ఉన్న వెనక చక్రానికే బిగించుకునే పల్చటి ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి. పెట్టిన డబ్బుకు వచ్చే లాభంలో వాటిని మించింది లేదు. అయితే యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధనలు పాటించే పోటీల్లో ఇలా అదనంగా తగిలించిన మూతలకు అభ్యంతరం ఉంటుంది. పేరు నమోదు చేసుకునేటప్పుడే నిర్వాహకులను అడిగేయండి. గుంపుగా తొక్కే రోడ్డు రేసుల్లో డిస్క్ వీల్ అసలు కుదరదు. అక్కడ కనీసం 12 స్పోకులు ఉండాలి. 2026 జనవరి 1 నుంచి రిమ్ లోతు 65 మి.మీ. దాటకూడదన్న నియమం కూడా వచ్చింది. ఒకే జత రెండు రకాల పోటీలకూ వాడాలనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోండి.

స్పోకుల గురించి ఒక్క మాట. చక్రం పైభాగం రోడ్డుతో పోలిస్తే సైకిల్‌కు రెండింతల వేగంతో ముందుకు పోతుంది. మీరు 40 మీద ఉంటే పైనున్న చువ్వల కొసలు 80కి దగ్గరగా గాలిని కోస్తుంటాయి. అందుకే చదును స్పోకులు, తక్కువ స్పోకులు మేలు. కానీ 80 కిలోలు దాటినవాళ్లు, గతుకుల రోడ్లలో తిరిగేవాళ్లు 24కు తగ్గకుండా చూసుకోండి.

ఐదో మెట్టు: ముందు టైరు, తర్వాత దానికి సరిపోయే రిమ్

చాలామంది వీల్స్ కొన్నాక ఇంట్లో ఉన్న టైరు ఎక్కిస్తారు. వరస తిరగేయాలి. ఏ టైరు వాడతారో ముందు తేల్చుకుని, దానికి తగ్గ వెడల్పు రిమ్ వెతకండి.

కారణం, గాలి చూసేది టైరునూ రిమ్‌నూ విడివిడిగా కాదు. టైరు రిమ్ కన్నా ఉబ్బి ఉంటే, టైరును దాటిన గాలి మళ్లీ రిమ్‌ను అంటుకోదు. లోతుకు పెట్టిన డబ్బంతా వృథా. చక్రాలు తయారుచేసే జిప్ సంస్థలో పనిచేసిన జాష్ పోర్ట్నర్ చెప్పిన 105 శాతం సూత్రం దీనికి మంచి కొలబద్ద. రిమ్ బయటి వెడల్పు, ఎక్కించి గాలి కొట్టాక టైరుకు వచ్చే అసలు వెడల్పు కన్నా కనీసం ఐదు శాతం ఎక్కువుండాలి. టైరు కొలతకు 28 మి.మీ. వస్తే రిమ్ 29.4 ఉండాలి, 30 వస్తే 31.5 ఉండాలి. టైరు మీద అచ్చేసిన అంకెను నమ్మొద్దు. లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ మీద 28 అని రాసిన టైరు 29, 30 దాకా సాగుతుంది. గాలి కొట్టి ఒక రోజు ఉంచి, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, అతుకులు, భీమిలి వైపు రోడ్డు మీదికి కొట్టుకొచ్చే ఇసుక ఉన్నాయి కాబట్టి రోజువారీకి 28, దానికి పైన 30 మంచివి. టైం ట్రయల్‌కు ముందు 25 లేదా 28. పాత రిమ్ బ్రేకు ఫ్రేముల్లో 25 దాటితే ఫోర్క్ కిందా బ్రేకు కిందా పట్టకపోవచ్చు, ముందే కొలుచుకోండి.

టైరు రకం గురించి గట్టిగా చెప్పాలి. పంక్చర్‌ను తట్టుకునే మందపాటి టైర్ల నుంచి కాంటినెంటల్ జీపీ5000, విట్టోరియా కోర్సా లాంటి మెత్తటి రేసు టైర్లకు మారితే జతకు 10 వాట్ల పైనే మిగులుతుంది. గాలి ఎటు వీచినా, మీరు 25 మీద వెళ్లినా 40 మీద వెళ్లినా ఆ లాభం ఉంటుంది. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు తీసేసి లేటెక్స్ లేదా టీపీయూ (ఒక రకం పల్చటి ప్లాస్టిక్) ట్యూబు వేస్తే ఇంకొన్ని వాట్లు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు మంచి టైర్లు, ట్యూబులు, వెనక మూత కొనుక్కుని ఆగినా మూడు వంతుల పని అయిపోయినట్టే.

ఆరో మెట్టు: హుక్‌లెస్ రిమ్, మన ఎండ

ఇప్పుడొస్తున్న చాలా కార్బన్ రిమ్‌లకు టైరును పట్టి ఉంచే లోపలి కొక్కెం ఉండదు. వీటిని హుక్‌లెస్ అంటారు. వీటికి గాలి ఒత్తిడి 72.5 పీఎస్ఐ దాటకూడదు. దాటితే టైరు ఊడే ప్రమాదం ఉంది. 2024 యూఏఈ టూర్‌లో బెల్జియం రేసర్ థామస్ డి గెంట్ టైరు రిమ్ నుంచి ఊడి పడిపోయాక వీటి భద్రత మీద పెద్ద చర్చే జరిగింది.

మనకు అదనంగా ఎండ ఉంది. తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ కొట్టారనుకోండి. ఎండలో టైరు 45 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి 75కు దగ్గరవుతుంది. అద్దాలు మూసిన కారులో 60 డిగ్రీలకు వెళ్తే 79. హద్దు దాటిపోయింది! అందుకే మన ఊళ్లో హుక్‌లెస్ వాడేవాళ్లు 65 దగ్గర ఆగాలి, కారులో పెట్టేటప్పుడు కొంత గాలి తీసేయాలి. ఒంటి బరువు 80 కిలోలు దాటి, 28 కన్నా సన్నటి టైర్లు వాడాలనుకుంటే కొక్కెం ఉన్న రిమ్ తీసుకోవడమే నయం. రిమ్ కంపెనీ, టైరు కంపెనీ రెండూ ఆ జోడీని ఒప్పుకున్నాయో లేదో వాళ్ల పట్టికల్లో చూశాకే డబ్బు కట్టండి. లోపలి వెడల్పు 25 మి.మీ. ఉన్న హుక్‌లెస్ రిమ్ మీద 28 టైరు ఎక్కించడం సరికాదు.

ఏడో మెట్టు: బ్రేకు, ఇరుసు, ఫ్రీహబ్

డిస్క్ బ్రేకు సైకిల్ అయితే పని తేలిక. ముందు 100, వెనక 142 మి.మీ. పొడవు, 12 మి.మీ. మందం ఇరుసు, రోటర్ (బ్రేకు పళ్లెం) సెంటర్‌లాకా, ఆరు బోల్టులా అని చూసుకోండి. ఫ్రీహబ్ (వెనక పళ్ల చక్రాలు ఎక్కే భాగం) మీ క్యాసెట్‌కు, అంటే ఆ పళ్ల చక్రాల గుత్తికి, తగ్గదై ఉండాలి. షిమానో 11 స్పీడ్ రోడ్డు క్యాసెట్‌కు హెచ్‌జీ, స్రామ్ 12 స్పీడ్ రోడ్డు క్యాసెట్‌కు ఎక్స్‌డీఆర్ రకం కావాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు.

రిమ్ బ్రేకు అయితే జాగ్రత్త ఎక్కువ కావాలి. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లొచ్చే ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటాం. ఆ వేడికి కార్బన్ రిమ్‌లోని రెజిన్ (పోగులను పట్టి ఉంచే జిగురు) మెత్తబడి గోడ ఉబ్బొచ్చు. లేటెక్స్ ట్యూబు ఉంటే పేలొచ్చు. రిమ్ బ్రేకుతో అరకు ఘాట్ దిగేవాళ్లు ఆ రోజుకు అల్యూమినియం రిమ్‌లు వేసుకోండి. కార్బన్ రిమ్ కంపెనీ చెప్పిన ప్యాడ్లే వాడండి. అల్యూమినియం రిమ్ మీద వాడిన ప్యాడ్లను కార్బన్ మీదికి మార్చొద్దు. వాటిలో ఇరుక్కున్న లోహపు రజను కార్బన్‌ను గీరేస్తుంది.

వాల్వ్ పొడవు కూడా ఇప్పుడే చూసుకోండి. రిమ్ లోతుకు మరో 20 మి.మీ. కలిపిన పొడవు ఉండాలి, లేదా ఎక్స్‌టెండర్ (పొడిగింపు గొట్టం) కావాలి. ఇవన్నీ ప్రెస్టా అనే సన్నటి రకం వాల్వులు. దారిలో పంక్చర్ షాపు పంపు పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. డిస్క్ వీల్‌కైతే సందులో పట్టే వంపు అడాప్టర్ వేరే కావాలి. అది లేకపోతే పోటీ రోజు పొద్దున గాలి కొట్టడం కుదరదు.

ఎనిమిదో మెట్టు: ఉప్పుగాలికి తట్టుకునేలా కట్టించండి

హైదరాబాద్, బెంగళూరు వాళ్లకు లేని బెడద ఇది. కార్బన్, అల్యూమినియం రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఉండగా మధ్యలో ఉప్పు తేమ చేరితే, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. కార్బన్ రిమ్‌లో స్పోకును బిగించే నిపుల్ అల్యూమినియందైతే సరిగ్గా అదే జరుగుతుంది. మొదట తెల్లటి పొడి కనిపిస్తుంది. తర్వాత బెండు తీయబోతే నిపుల్ తిరగదు. ఆ తర్వాత ఒక రోజు తొక్కుతుండగానే టప్పున తెగుతుంది. బరువు తగ్గించడానికి చాలా కంపెనీలు అల్యూమినియం నిపుల్స్ వేస్తాయి. మీరు ఇత్తడి నిపుల్స్ అడగండి. జతకు పెరిగేది కొద్ది గ్రాములే. నిపుల్స్ రిమ్ లోపల దాగి ఉండే రకాలు గాలికి కాస్త మేలే గానీ, తుప్పు కనబడదు, బెండు తీయాలంటే ప్రతిసారీ టైరు విప్పాలి. విశాఖకు బయటికి కనిపించే నిపుల్సే సరైనవి.

బేరింగుల సైజు ఊళ్లో దొరికేదేనా అని కొనే ముందే అడగండి. హబ్ మీద ఆ నంబరు రాసి ఉంటుంది, లేదా కంపెనీ చెబుతుంది.

వానలో తొక్కి వచ్చాక చక్రం విప్పి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోతైన రిమ్‌లోకి స్పోకు రంధ్రాల గుండా నీళ్లు చేరతాయి, గలగలమంటాయి. ట్యూబు తీసి, వాల్వ్ రంధ్రం కిందికి వచ్చేలా రాత్రంతా వేలాడదీయండి. బీచ్ రోడ్డు మీద తొక్కిన ప్రతి వారం మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో స్పోకులు, నిపుల్స్, హబ్ తుడవండి. ప్రెషర్ పంపుతో హబ్ మీదికి నీళ్లు కొట్టించొద్దు. బేరింగ్ సీలు దాటి ఉప్పు లోపలికి పోతుంది.

తొమ్మిదో మెట్టు: డబ్బు కట్టే ముందు, కట్టాక

జిప్, హెడ్, ఎన్వీ, డీటీ స్విస్, రోవాల్ లాంటి పేరున్నవి కొంటే ధర ఎక్కువ, విడిభాగాల భరోసా ఎక్కువ. చైనా కంపెనీలు నేరుగా పంపేవాటిలో ఇప్పుడు మంచివి చాలా ఉన్నాయి. వాటికి కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేయండి. వారంటీ కోసం రిమ్‌ను తిరిగి పంపాలంటే ఖర్చు ఎవరిదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఏ గుర్తూ లేని, టైరు ఒత్తిడి హద్దు ఎక్కడా రాయని రిమ్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు. గంటకు 60 మీద కైలాసగిరి పక్క దిగుడులో మిమ్మల్ని మోసేది అదే.

కొత్త చక్రం ఎక్కించిన మొదటి వారం పొద్దున్నే, గాలి లేని వేళ తొక్కండి. రెండో వారం మధ్యాహ్నపు గాలిలోకి వెళ్లండి. విసురు తగిలినప్పుడు హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోవద్దు. మోచేతులు వదులుగా ఉంచి, చక్రాన్ని కొద్దిగా కదలనివ్వండి, అదే సర్దుకుంటుంది. మూడు, నాలుగు వారాలకు ఒకసారి ఎవరైనా మంచి మెకానిక్ దగ్గర స్పోకుల బిగువు చూపించండి. కొత్త చక్రాలు మొదట్లో కాస్త సర్దుకుంటాయి.

పోటీ కోసమైతే పాత ముందు చక్రాన్ని అమ్మేయకుండా ఉంచుకోండి. పోటీ ముందు రోజు రాత్రి విసురు గాలి అంకె చూసి, 25 దాటితే 40 మి.మీ. చక్రమే బిగించి పడుకోండి. వెనక డిస్క్‌ను మాత్రం అలాగే ఉంచండి.